మొదటి పేజీ నుంచి మళ్ళీనా?

అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష తప్పిన అమ్మాయికి ఓదార్పు కంటే ముందే సలహా చేరుతుంది. ఎవరి నోట విన్నా అదే సలహా. "ఈసారి ఇంకాస్త బాగా చదువమ్మా" అంటాడు నాన్న. "మీకు బేసిక్స్ వీక్‌గా ఉన్నాయి, కొత్త బ్యాచ్‌లో మొదటి నుంచి కూర్చోండి" అంటారు కోచింగ్ సార్, కొత్త బ్యాచ్ ఫీజు సంగతి ఎత్తడానికి ముందుమాటగా. రెండేళ్ల కిందట పాసైన సీనియర్ అక్క "నేను నాలుగు వేల ప్రశ్నలు చేశానే, నువ్వెన్ని చేశావ్?" అని లెక్క అడుగుతుంది. డాలస్‌లో ఉన్న ఆడపడుచు మొగుడికి నర్సింగ్‌తో ఏ సంబంధమూ లేదు, అయినా ఆయనకీ ఓ అభిప్రాయం ఉంటుంది: "కాన్సంట్రేషన్ లేదు, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టమనండి." మాటలు వేరైనా వీళ్ళందరి నమ్మకం ఒకటే. తప్పిందంటే చదువు చాలలేదు. చాలలేదు కాబట్టి ఇంకా చదవాలి. ఈ పరీక్ష కోసం చదివే సాండర్స్ పుస్తకం దుమ్ము దులిపి మొదటి పేజీ తియ్యి.

ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉత్త తప్పయితే ఊరుకునేదాన్నే. ఒకసారి తప్పినవాళ్ళని రెండోసారీ తప్పించే సత్తా దీనికుంది.

నేను మొదటిసారి రాసింది 2023లో, హైదరాబాద్‌లోనే. పరీక్ష అప్పుడే కొత్త రూపంలోకి మారింది. అప్పటికి ఐసీయూలో ఎనిమిదేళ్ల డ్యూటీ నా వెనక ఉంది. వెంటిలేటర్ అలారం మోగితే సగం నిద్రలో ఉన్నా ఎందుకు మోగిందో చెప్పగలిగే మనిషిని. 150 ప్రశ్నలూ వచ్చాయి, ఫెయిలయ్యాను. తర్వాత రెండు నెలలూ పెద్దల మాట తు.చ. తప్పకుండా పాటించాను. మొదటి పేజీ దగ్గర మొదలుపెట్టి మూడు రంగుల హైలైటర్లతో పుస్తకాన్ని పెళ్ళిపందిరిలా అలంకరించాను. నైట్ డ్యూటీ దిగి వచ్చి కూడా చదివాను. నాకు తెలిసిన సంగతులే మరింత బాగా తెలిశాయి. ప్రాక్టీస్ టెస్టుల్లో మార్కులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఆ రెండు నెలలు దండగయ్యాక గానీ నాకు అనుమానం రాలేదు, నేను వేసుకుంటున్న మందు అసలు నా జబ్బుకి సంబంధించినదేనా అని.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో చూస్తే అది ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది. మన దగ్గర నర్సింగ్ కోర్సు పాసైతే రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటాం, తెల్లకోటు వేసుకుంటాం. లైసెన్సు కోసమని వేరే పరీక్ష రాసిన అనుభవం మనకి లేదు. మనకి తెలిసిన పరీక్షల్లా యూనివర్సిటీ పేపరే. న్యుమోనియా అంటే ఏమిటో నిర్వచించండి, కారణాలు రాయండి, నర్సింగ్ కేర్ వివరించండి, ఒక్కోదానికీ ఇన్నేసి మార్కులు. అలాంటి పేపర్లో తప్పిన అమ్మాయికి "మళ్ళీ చదువు" అని చెప్పడంలో న్యాయముంది. అక్కడ అడిగేది నీ బుర్రలో ఏం దాచుకున్నావు అని. దాచుకోనిదాన్ని దాచుకుంటే సరిపోతుంది.

ఎన్‌క్లెక్స్ న్యుమోనియాని నిర్వచించమనదు. న్యుమోనియా రోగి, నిన్న ఆపరేషనైన రోగి, షుగర్ రోగి, రేపు ఇంటికి వెళ్ళబోయే రోగి నలుగురినీ నీ చేతికిచ్చి, ముందు ఎవరి గదిలోకి వెళ్తావని అడుగుతుంది. నాలుగు జబ్బులూ నీకు కంఠతా వచ్చు. నాలుగు గదుల్లోనూ పనుంది. మొదటి అడుగు ఎటు అన్నదే ప్రశ్న. సాండర్స్ పుస్తకం వెయ్యిన్నొక్కసారి చదివినా ఆ అడుగు ఎటు వెయ్యాలో పుస్తకం చెప్పదు. ఏ రోగిలో ఇప్పుడు, ఈ గంటలో, కొత్తగా ఏదో మారిందో పట్టుకునే చూపు ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ చూపునే నేరుగా కొలుస్తున్నామని పరీక్ష పెట్టే సంస్థ, అంటే అమెరికా రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, బాహాటంగానే చెప్పింది. ఒక రోగి కేస్ షీట్ ఇచ్చి ఆ ఒక్క కేసు మీదే ఆరు ప్రశ్నలు వేస్తారు. ఇందులో పట్టించుకోవాల్సిన సంకేతాలేవి, వాటి అర్థమేంటి, ఏ ప్రమాదం ముందుంది, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేశాక పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది. ఆరు మెట్లు. జ్ఞాపకశక్తి వీటిలో ప్రతి మెట్టుకీ కావాలి, కానీ ఏ మెట్టుకీ అదొక్కటే చాలదు.

దీని మీద అవతలి పక్షం వాళ్ళకో గట్టి జవాబుంది. దాన్ని దాటేసి పోతే నాది వాదన అనిపించుకోదు. "విషయం తెలియకుండా నిర్ణయం ఎక్కడి నుంచి వస్తుంది? పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలని తెలియని మనిషి 6.2 చూసి ఎందుకు ఉలిక్కిపడుతుంది?" అని అడుగుతారు. ఒప్పుకుంటాను. తెలియనివాళ్ళు చదవాల్సిందే. పెళ్ళయి, ఇద్దరు పిల్లలయి, భర్త ఉద్యోగంతో న్యూజెర్సీ వెళ్ళి, పదేళ్ల తర్వాత మళ్ళీ నర్సింగ్ పుస్తకం పట్టిన అమ్మాయికి పుస్తకమే ముందు మందు. నేను కాదంటున్నది పుస్తకాన్ని కాదు. తప్పిన ప్రతివాళ్ళకీ జబ్బు చూడకుండా ఒకే చీటీ రాసివ్వడాన్ని. ఏ డాక్టరైనా జ్వరంతో వచ్చినవాళ్ళందరికీ చూడకుండా ఒకే ఇంజెక్షన్ రాస్తే మనం వార్డులో గుసగుసలాడుకోమా?

చూసే వీలు లేకనా అంటే అదీ కాదు. తప్పినవాళ్ళకి బోర్డు ఓ రిపోర్టు పంపుతుంది. పాసైనవాళ్ళకి ఆ భాగ్యం లేదు. ఎన్ని ప్రశ్నలకి జవాబు రాశారో, ఒక్కో విభాగంలో పాస్ గీతకి పైన ఉన్నారా, దగ్గర్లో ఉన్నారా, కింద ఉన్నారా అందులో ఉంటుంది. నాతో మాట్లాడే అమ్మాయిల్లో ఎక్కువమంది దాన్ని ఒక్కసారి తెరిచి, 'కింద' అనే మాట కనపడగానే మూసేసినవాళ్ళే. కోచింగ్‌లో చేర్చుకునేటప్పుడు ఆ కాగితం చూపించమని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరని చెప్పారు. రక్తపరీక్ష రిపోర్టు కవరు విప్పకుండా వైద్యం మొదలుపెట్టడమంటే ఇదే.

ఆ కాగితం చదవాలంటే పరీక్ష ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి. ఇక్కడ మూఢనమ్మకాలు దట్టంగా పెరిగాయి కాబట్టి కొంచెం నిదానిస్తాను. 1994కి ముందు ఇది కాగితం మీద రెండు రోజుల పరీక్ష, ఏడాదికి రెండే సార్లు. కంప్యూటర్ వచ్చాక ప్రశ్నపత్రం అంటూ లేదు. నువ్వు ఒప్పు రాస్తే తర్వాతి ప్రశ్న కాస్త కష్టం, తప్పు రాస్తే కాస్త తేలిక. నీ స్థాయికి సరిగ్గా సరిపోయే ప్రశ్న కోసం అది వెతుకుతూ పోతుంది. అంటే నీకు ఒప్పయ్యే అవకాశం సగం, తప్పయ్యే అవకాశం సగం ఉండే ప్రశ్న కోసం. అందుకే టాపర్‌కీ, తప్పబోయే మనిషికీ ఇద్దరికీ ఒకేలా నరకంలా ఉంటుంది. "అన్నీ కష్టంగానే వచ్చాయక్కా, పోయినట్టే" అన్న మాటకి ఈ పరీక్షలో అర్థం లేదు. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, సమయం 5 గంటలు. 85లో 15 మార్కులకి లెక్కలోకి రానివి, ముందు ముందు వాడుకోవడానికి పరీక్షించుకుంటున్న ప్రశ్నలు. అవి ఏవో నీకు తెలియవు. నువ్వు గీతకి పైన ఉన్నావనో కింద ఉన్నావనో కంప్యూటర్‌కి 95 శాతం ధీమా కుదిరిన చోట పరీక్ష ఆగుతుంది.

ఇప్పుడు 150 దాకా వెళ్ళి తప్పిన అమ్మాయిని చూడండి. చివరి ప్రశ్న దాకా కంప్యూటర్ ఆమెని అటో ఇటో తేల్చుకోలేకపోయింది. గీత పక్కనే నిలబడి ఉంది. 85 దగ్గరే ఆగి, అన్ని విభాగాల్లోనూ 'కింద' వచ్చిన అమ్మాయి సంగతి వేరు, ఆమెకి పునాది చూసుకోవాలి. ఈ ఇద్దరికీ "మొదటి పేజీ నుంచి" అనే ఒకే సలహా ఇస్తున్నాం. గుమ్మం దాకా వచ్చినామెని మళ్ళీ ఊరి చివరి నుంచి నడిచి రమ్మంటున్నాం.

నేను గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయానో చెబుతాను. నా రిపోర్టులో మందుల విభాగం గీతకి పైన ఉంది. జబ్బుల విభాగమూ పైనే. కింద ఉన్నవి రెండు: కేర్ మేనేజ్‌మెంట్, మనసుకి సంబంధించిన విభాగం. అంటే నేను రెండు నెలల పాటు హైలైటర్లతో రంగులేసిన పాఠాలన్నీ నాకు అప్పటికే వచ్చినవి.

మనసు విభాగంలో నన్ను ముంచింది ఓ తెలుగు మాట. "ఏం కాదమ్మా." ప్రతి సిస్టర్ రోజుకి వందసార్లు అనే మాట అది. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఏడ్చే పెద్దామెతో ఏం కాదమ్మా అంటాం. అనకపోతే మనకి మనసు లేదంటారు. ఆ పరీక్షలో మాత్రం అది తప్పు జవాబు, దాదాపు ఎప్పుడూ తప్పే. రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన తల్లి "నాకేమైనా అయితే నా పిల్లలేమైపోతారు" అని అడిగితే నాలుగు జవాబులిస్తారు. ఒకటి, ఈ రోజుల్లో వైద్యం బాగా పెరిగింది, కంగారు పడకండి. ఇంకొకటి, డాక్టరుగారితో మాట్లాడిస్తాను. మరొకటి, మీ వారు ఉన్నారుగా. చివరిది, మీకు దేని గురించి ఎక్కువ భయంగా ఉందో చెప్పండి. నా చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది, ఎనిమిదేళ్లుగా అటే పోతోంది. వాళ్ళ లెక్కలో అది తప్పుడు భరోసా. రేపేమవుతుందో నర్సుకి తెలియదు కాబట్టి ఇవ్వకూడని హామీ. పైగా ఏడ్చే మనిషి నోరు మూయించే మాట. చివరిదే జవాబు. నాకిది పుస్తకం చదవక తెలియనిదా? సాండర్స్‌లో ఉంది, నేనే పసుపు రంగు వేశాను. తెలిసే తప్పు రాశాను. పరీక్ష గదిలో చెయ్యి పుస్తకం మాట వినదు, వార్డు మాట వింటుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మన దగ్గర క్యాన్సరని ముందు కొడుక్కి చెబుతాం, రోగికి చెప్పొద్దని కొడుకు చేతులు జోడిస్తాడు, మనం తలూపుతాం. అక్కడ రోగి అనుమతి లేకుండా కొడుక్కి చెప్పడమే తప్పు. రోగికి డాక్టరు భాష రాకపోతే మనం కూతుర్ని పిలిచి చెప్పిస్తాం. అక్కడ శిక్షణ పొందిన దుబాసీనే పిలవాలి, కూతురు పనికిరాదు. మన వార్డులో ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం ఇంటివాళ్ళ పని, లేకపోతే ఆయమ్మ పని. ఎవరికి ఏ పని అప్పగించొచ్చో రాసి ఉన్న కాగితాన్ని చూసి కాక, ఆ సమయానికి ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి చెబుతాం. అక్కడ రిజిస్టర్డ్ నర్సు, ఆమె కింద లైసెన్సు ఉన్న ప్రాక్టికల్ నర్సు, ఆ కింద సహాయకులు, ఎవరి గీత వాళ్ళది. కొత్తగా చేరిన రోగిని పరీక్షించి అంచనా వేయడం, ఇంటికెళ్ళాక ఏం చేయాలో నేర్పడం, ఇచ్చిన మందు పనిచేసిందో లేదో తేల్చడం, ఇవి కిందివాళ్ళకి అప్పగించరాదు. నిలకడగా ఉన్న రోగి బీపీ చూడమని సహాయకురాలికి చెప్పొచ్చు. నిన్నటిదాకా బాగుండి ఈ పూట తికమకగా మాట్లాడుతున్న రోగి బీపీ అయితే నువ్వే వెళ్ళి చూడాలి.

అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయింది ఇంకోటుంది. రోగికి ఉన్నట్టుండి ఆయాసం వస్తే మన చేతులు ఆక్సిజన్ మాస్క్ మీదకి పోయేలోపే నోరు "డ్యూటీ డాక్టరుకి ఫోన్ చెయ్యి" అంటుంది. ఎందుకంటే డాక్టరుకి చెప్పకుండా చేశావేమని తిట్లు తిన్న అనుభవం మనలో ప్రతి ఒక్కరికీ ఉంది. 'మొదట ఏం చేస్తావు' అని పరీక్ష అడిగినప్పుడు జవాబుల్లో 'డాక్టరుకి తెలియజేయి' అన్నది మన కోసమే వేసిన ఎరలా ఉంటుంది. తల వైపు మంచం ఎత్తడం, ఆక్సిజన్ పెట్టడం, ఇంకా చూడాల్సింది ఏమైనా ఉంటే చూడడం, ఇవన్నీ నర్సుగా నీ అంతట నువ్వు చేయగలిగినవి అక్కడే ఉండగా ఫోన్ పట్టుకున్నావంటే, నిన్ను నువ్వు ఇంకా డాక్టరు చేతి కింద మనిషిగానే చూసుకుంటున్నావని అర్థం. నా రిపోర్టులో కేర్ మేనేజ్‌మెంట్ పక్కన ఉన్న 'కింద' అన్న మాటకి నేనిచ్చుకున్న తర్జుమా అదే. అన్ని ప్రశ్నల్లోనూ ఫోన్ చేయడం తప్పని కాదులెండి. చేయాల్సినవన్నీ చేసేశాక, లేదా నీ చేతిలో లేని ఆర్డరు కావాల్సినప్పుడు, అదే జవాబు. ఆ తేడా కూడా బట్టీకి దొరకదు.

మందుల పేర్ల గొడవ చిన్నది, ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్తాను. మనం పారాసిటమాల్ అన్నదాన్ని వాళ్ళు అసిటమినోఫెన్ అంటారు, సాల్బ్యుటమాల్‌ని ఆల్బ్యుటరాల్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్, పెథిడిన్‌ని మెపెరిడిన్. ఇది ఓ సాయంత్రం పని, రెండు నెలల పని కాదు.

ఇక లెక్కల పిచ్చి. "నాలుగు వేల ప్రశ్నలు చేశాను" అనే మాట మన నర్సుల మధ్య వెయ్యినూటపదహార్ల కట్నంలా వినిపిస్తుంది. యూవరల్డ్ ప్రశ్నల బ్యాంకు అయిపోయిందా, ఆర్చర్ వాళ్ళది మొదలుపెట్టు. అదీ అయిందా, ఇంకోటి కొను. రోజుకి 150 ప్రశ్నలు, జవాబు తప్పయితే కింద ఇచ్చిన వివరణ చదవడం, "అవును కదా" అనుకోవడం, తర్వాతిదానికి పోవడం. ఈ "అవును కదా" చాలా ప్రమాదకరమైన మాట. వివరణ చదివినప్పుడు ప్రతిదీ అవును కదా అనే అనిపిస్తుంది, పక్కింటావిడ కూర వండుతుంటే చూసి మనకీ వచ్చేసినట్టు. చదివిందే మళ్ళీ చదవడం ఎంత మోసం చేస్తుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవాళ్ళు ముందుకెళ్ళిపోయారు. మళ్ళీ చదివినవాళ్ళకి బాగా వచ్చేసిందన్న ధీమా మాత్రం మిగిలింది.

ప్రశ్నలు చేయడం ఆ రెండో పద్ధతే కదా, మరి నాలుగు వేలని ఎందుకు ఎగతాళి చేస్తున్నావని అడగొచ్చు. ప్రశ్నలు చేయడాన్ని ఎవరు వద్దన్నారు? ఒక ప్రశ్న తప్పయిన తర్వాతి నాలుగు నిమిషాల్లో ఏం చేస్తావన్నదే నా గొడవ. నేను చివరికి చేసిందిది. రూళ్ళ నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని, తప్పయిన ప్రతి ప్రశ్నకీ, ఊహించి రాస్తే ఒప్పయిన ప్రతి ప్రశ్నకీ కూడా, తెలుగులో ఒకే వాక్యం రాసేదాన్ని: ఆ క్షణంలో ఏమనుకుని ఇది నొక్కాను? పుస్తకంలోని వివరణ రాయడం నిషేధం. నా తలలో నడిచిందే రాయాలి. 'ఈ మందు పేరు ఎప్పుడూ వినలేదు.' 'ఇంకా నేర్పించాల్సిన అవసరం ఉందని ఏ మాట వల్ల తెలుస్తుంది అని అడిగితే, రోగి తప్పు మాట వెతకాల్సింది పోయి ఒప్పు మాట వెతికాను.' 'ఒప్పే నొక్కి, భయపడి మార్చాను.' 'ఏం కాదమ్మా.' ఈ చివరిది ఎన్నిసార్లు రాశానో, తర్వాత తర్వాత ఒట్టి 'ఏ.కా.' అని రాసుకునేదాన్ని. రోజుకి 40 ప్రశ్నలు దాటేవి కావు. మూడు వారాలయ్యాక వెనక్కి తిప్పి చూస్తే, విషయం తెలియక పోయినవి నాలుగోవంతు కూడా లేవు. నా అలవాట్లన్నీ వరసగా నా చేతిరాతలోనే నిలబడి ఉన్నాయి. వాటిని చదవడం ఒక్కోసారి సిగ్గుగా ఉండేది. ఏ కోచింగ్ నోట్సులోనూ నాకు దొరకని పాఠం అక్కడుంది.

తెలుగులో రాయడం ఎందుకంటే, నేను కంగారు పడేది తెలుగులోనే. "ఇంగ్లీషు వీక్ కాబట్టి తప్పావు" అనే పెద్దమనుషులకి ఇదే జవాబు. ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాక పోయినవి నా నోట్‌బుక్‌లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అర్థమై, తెలుగు వార్డు బుద్ధితో జవాబిచ్చినవే పేజీలకి పేజీలు.

గణాంకాలు చూపించి నన్ను కొట్టేయాలనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలోనే చదువుకుని మొదటిసారి రాసినవాళ్ళలో 2023లో 88 శాతం పైగా పాసయ్యారు. అక్కడే చదివి రెండోసారో మూడోసారో రాసినవాళ్ళ దగ్గరకొచ్చేసరికి అది సగం చుట్టూ తిరుగుతుంది. "చూశావా, మళ్ళీ రాసేవాళ్ళు బలహీనులు, అందుకే గట్టిగా చదవాలి" అంటారు. బలహీనులు ఎక్కువగా అటు చేరతారన్నది నిజమే. కానీ మళ్ళీ రాసేవాళ్ళలో మళ్ళీ చదవనివాళ్ళెవరు? అంతా చదివే వస్తున్నారు, మొదటిసారి కంటే ఎక్కువే చదివి వస్తున్నారు. ఆ అంకె నుంచి "చదివినా సగంమంది ఎందుకు తప్పుతున్నారు" అనే ప్రశ్న ఎందుకు రాదు? ఏ మందు వేసినా సగంమందికి తగ్గకపోతే, మోతాదు పెంచుదామనే ముందు మందు పేరు ఒకసారి చూస్తాం కదా.

మోతాదు పెంచడంతో పాటు తొందర కూడా పెడతారు. 45 రోజులు ఆగితే మళ్ళీ రాయొచ్చన్నది నియమం. మన వాళ్ళు దాన్ని 45వ రోజున రాసి తీరాలన్న ముహూర్తంగా మార్చేశారు. వేడి మీద కొట్టాలట. చదివింది మర్చిపోతామట. ఏజెంటు ఫోన్ చేసి ఫైలు ఆగిపోతుందంటాడు. ఏ ఫైలు? భారతదేశంలో పుట్టిన నర్సులు నిలబడే ఈబీ-3 వీసా వరసలో 2025లో వంతు వచ్చినవాళ్ళు 2012, 2013ల్లో వరసలో చేరినవాళ్ళు. నేను పాసయ్యాను, పాసైన కాగితం బీరువాలో ఉంది, నేను మాత్రం హైదరాబాద్‌లోనే ఇంకా డ్యూటీ చేస్తున్నాను. పన్నెండేళ్ల క్యూలో నిలబడే మనిషికి ఇంకో రెండు నెలలు ఆగితే ఏ ఫైలు ఆగిపోతుంది? భర్త వీసా మీద ఇప్పటికే అక్కడున్న అమ్మాయిల లెక్క వేరు, పని చేసుకునే అనుమతి ఉంటే వాళ్ళకి ప్రతి నెలా జీతమే. అయినా పరీక్ష ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తే దాని మీద ఇంకో 150. అదే తప్పుని అంత డబ్బు పెట్టి మళ్ళీ చేయడంలో తొందరేముంది? ఫ్లోరిడా లాంటి చోట వరసగా మూడుసార్లు తప్పితే, బోర్డు ఒప్పుకున్న రెమెడియల్ కోర్సు చేసి వస్తే గానీ మళ్ళీ రాయనివ్వరు. అటెంప్టులు లాటరీ టికెట్లు కావు, ఒకటి కాకపోతే ఇంకోటి తగులుతుందనుకోవడానికి.

తొందరకి అసలు కారణం వేరే ఉందని నా అనుమానం. తప్పిన సంగతి బంధువులకి తెలిసేలోపు పాసైపోవాలన్న ఆరాటం. "రిజల్ట్ ఇంకా రాలేదు" అని చెబుతూ 45 రోజులు గడిపిన అమ్మాయిలు నాకు తెలుసు. దాచుకున్న తప్పుని ఎవరికీ చూపించలేం, చూపించకపోతే అందులో ఏముందో మనకీ తెలియదు. రిపోర్టు తెరిచి మూసేయడం కూడా ఆ సిగ్గు పనే. మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవడంలో ఉన్న సుఖం కూడా ఇదేననుకుంటాను. మొదటి పేజీ దగ్గర ఎవరూ తప్పు చేసి ఉండరు. అక్కడ మనం మంచి విద్యార్థులం, కష్టపడుతున్నామని ఇంట్లోవాళ్ళకీ కనిపిస్తుంది. అర్ధరాత్రి లైటు వెలుగుతూ ఉంటే అమ్మ పాలు తెచ్చి పెడుతుంది. "నా కూతురు రోజుకి నాలుగు గంటలు తన తప్పులే చదువుకుంటోంది" అని చెప్పుకోవడానికి ఏ అమ్మకీ గొప్పగా ఉండదు.

కోచింగ్ సెంటర్లని మొత్తానికి తిట్టిపోయాలని లేదు. మంచివాళ్ళున్నారు. కానీ వాళ్ళ దగ్గర అమ్మడానికి ఉన్నది సిలబస్. నా అలవాటు నాకు మాత్రమే ఉంది, అదేంటో వాళ్ళకి తెలియదు, ముప్ఫై మంది బ్యాచ్‌లో కూర్చోబెట్టి తెలుసుకునే వీలూ లేదు. అమ్మకానికి లేనిదాన్ని అవసరమని ఏ కొట్టువాడూ చెప్పడు.

ఆదివారాలు మధ్యాహ్నం పూట ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తుంటాయి. కువైట్ నుంచి, టెక్సాస్ నుంచి, ఇక్కడి నుంచీ. పాఠాలు చెప్పను. వాళ్ళు రాసుకున్న వాక్యాలు చదివి వినిపిస్తే వింటాను. పోయిన నెలలో ఖమ్మం అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది, రెండుసార్లు తప్పింది. రిపోర్టు తెరిచి చదవమంటే గొంతు వణికింది, అయినా చదివింది. పదకొండు నిమిషాలు పట్టింది. చదివాక "అక్కా, నాకు మందులు వచ్చు కదా అసలు" అంది, ఎవరో అబద్ధం చెప్పినట్టు. మాట్లాడుతుండగానే వాళ్ళ నాన్నగారు ఫోన్ తీసుకున్నారు. ఈసారి ఖర్చుకి వెనకాడేది లేదనీ, ఏం కొనాలో చెబితే రేపే తెప్పిస్తాననీ అన్నారు.

"రెండు వందల పేజీల రూళ్ళ నోట్‌బుక్ అండీ" అన్నాను.

అవతల కాగితం చప్పుడు వినిపించింది, రాసుకుంటున్నట్టున్నారు.

"ఏ పబ్లిషరుదమ్మా?" అని అడిగారు.